ఇత్తడి పళ్ల మీద నడిచే సెకను

చేత్తో తాకగలిగిన సెకను ఒకటుంది. 1930లలో జర్మనీలో జైస్ ఐకాన్ కంపెనీ చేసిన ఇకోంటా మడత కెమెరా, అందులోనూ కంప్యూర్ షట్టర్ ఉన్నది, చేతికి దొరికితే ముందు కటకాన్ని మరతిప్పి తీయండి. కింద ఉన్న బిగింపు రింగు విప్పి, వేగాల అంకెలున్న పలకను పైకెత్తండి. ఒకదాని పళ్లలో ఒకటి ఇమిడిన బుల్లి ఇత్తడి చక్రాల వరస కనిపిస్తుంది. ఆ సెకను అదే. అక్కడ కాలానికి పళ్లున్నాయి, ఇరుసులున్నాయి, బరువుంది.

మ్యూనిక్‌లో ఫ్రీడ్రిష్ డెకెల్ కార్ఖానా ఈ షట్టరును 1912లో తెచ్చింది. అంతకుముందు అక్కడే తయారైన కాంపౌండ్ షట్టర్‌లో, చిన్న గొట్టంలో బిగిసిన గాలి ఆలస్యాన్ని పుట్టించేది. కంప్యూర్ గాలిని వదిలి గడియారపు చక్రాలను నమ్ముకుంది. 1929లో మొదటి రోలైఫ్లెక్స్ పుట్టినప్పుడు దాని గుండెలో పెట్టిందీ కంప్యూరునే.

ఈ యంత్రంలో నన్ను ముగ్ధుణ్ని చేసేది దాని నిదానం. స్ప్రింగుకు తెలిసింది ఒక్కటే, తొందర. సెకనులో 250వ వంతుకైనా, నిండు సెకనుకైనా తోసేది ఆ ఒక్క స్ప్రింగే. తేడా అంతా అడ్డుకోవడంలో ఉంది. అంకెల పలకను తిప్పితే, దాని అంచున కోసిన వంపు ఒక చిన్న పిన్నును జరుపుతుంది. పిన్ను జరిగినదాన్ని బట్టి చక్రాల వరస స్ప్రింగు దారికి అడ్డం వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ వేగంలో చక్రాలు పక్కకు తప్పుకుంటాయి. మధ్య వేగాలకు వాటిని తిప్పడానికి పట్టే శ్రమే చాలు. పదో వంతు, సగం, నిండు సెకను కావాలంటే చివరి చక్రం మీద ఓ చిన్న కొక్కెం అటూ ఇటూ ఊగుతూ, పంటిపంటికీ ఆపి వదులుతుంది. వాలులో దిగే తేరు చక్రం కింద కొయ్య పెట్టి, తీసి, మళ్లీ పెట్టి నడిపించే మనిషి పని అది. ఆ ఊగులాటే మనకు జిర్ర్‌మని వినిపిస్తుంది.

వెలుతురుకు దారి తెరిచి మూసే షట్టర్ రేకుల సంగతి ఇంకో అద్భుతం. అవి కటకాల నడుమ, ఎపర్చర్ పక్కనే ఉంటాయి. అక్కడ సూదిమొన అంత సందు తెరుచుకున్నా అందులోంచి దృశ్యమంతా ఫిల్ము మీద పడుతుంది. రేకులు విచ్చుకునే కొద్దీ బొమ్మ మొత్తం ఒకేసారి వెలుగెక్కుతుంది, మూసుకునే కొద్దీ ఒకేసారి తగ్గుతుంది. పెళ్లి ఫొటోలో నడుమ కూర్చున్నవాళ్లకూ, చివర నిలబడ్డవాళ్లకూ ఒకే క్షణం. మన స్టూడియోల్లో తరాల మొహాలను దాచిన యాషికా మ్యాట్‌లోని కోపాల్ షట్టరూ ఈ కుటుంబానిదే.

ఏళ్లతరబడి బీరువాలో ఉండిపోయిన కెమెరాలో ముందు జబ్బుపడేది ఆ నిదానమే. 250వ వంతు ఠక్కున పలుకుతుంది. నిండు సెకను పెడితే జిర్రుమని మొదలై మధ్యలో ఆగుతుంది, రేకులు తెరిచే ఉండిపోతాయి. చాలాసార్లు లోపల ఏదీ విరిగి ఉండదు. ఇరుసుల దగ్గర నూనె ఎండి బంకై ఉంటుంది, అంతే. చివరి చక్రాన్ని చేరేసరికి స్ప్రింగు బలం సన్నగిల్లుతుంది కనుక ఆపడానికి ఆ కాస్త బంక చాలు.

దానికి మందు ఇంట్లోనే ఉంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల, గాడికి సరిపోయే స్క్రూడ్రైవర్, చిమటా, మంచి వెలుతురు. తీసిన ప్రతి స్క్రూనూ తీసిన వరసలోనే పేర్చి, ప్రతి మెట్టునూ ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా కూర్చుని, లైటర్లలో పోసే పెట్రోలును కుంచె కొసతో ఇరుసులకు అందించాలి. పసుపుపచ్చగా బంక కరిగి దిగుతుంటే, ఆగిపోయిన కాలం కళ్లముందే వదులవుతుంది. ఆరాక వాచీల నూనె, సూదిమొనకు అంటినంత, ఇరుసులకు మాత్రమే. రేకులకు చుక్క కూడా తగలరాదు. కాగితమంత పల్చని ఆ ఉక్కురేకుల మధ్య తడి చేరితే ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు.

ఇక పరీక్ష. సెకనుకు 240 ఫ్రేములు తీసేలా ఫోన్ పెట్టి రేకులను వీడియో తీయండి. నిండు సెకనులో అవి తెరిచి ఉన్న ఫ్రేములు 240 దరిదాపుల్లో తేలాలి, సగంలో 120, పదో వంతులో 24. సుమారు తొంభై ఏళ్ల కిందటి ఇత్తడి ఆ లెక్కకు దగ్గరగా వచ్చి నిలిస్తే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంతటి భాగ్యం డెకెల్ కార్ఖానా పనివాళ్లు పెట్టిన భిక్ష. వాళ్లు ఈ యంత్రాన్ని అతికించి మూసేయలేదు, స్క్రూలతో బిగించారు. తాము ఎన్నడూ చూడబోని చేతులు ఒకనాడు దీన్ని తెరుస్తాయని నమ్మినట్టుంటుంది ఆ పనితనం. మీ ఇంటి అటక మీద తాతగారి కెమెరా మూగగా ఉంటే, దాన్ని షోకేసులో బొమ్మగా పెట్టేయకండి. స్ప్రింగులో తొందర ఇంకా ఉండే ఉంటుంది, చక్రాలు పళ్లు రాలకుండానే ఉండి ఉంటాయి. ఎండిన ఆ నూనెను కడిగేయండి. మ్యూనిక్‌లో ఎవరో అరగదీసి తూచిన సెకను, మీ మనుషుల మొహాల మీద ఖర్చుపెట్టుకోవడానికి మళ్లీ మీ చేతికొస్తుంది.