జింక ముట్టని చెట్టు

హింస అంటే ప్రాణం తీయడమేనా, ఆకలిగొన్న జీవి నోటికందే చోట దానికి గిట్టని మొక్కను ఏరి నాటడం కూడా ఆ లెక్కలోకే వస్తుందా అన్న ప్రశ్న, జింకలు మేసే నేలలో అడవిని తిరిగి పెంచేవారికి తప్పనిది. జపాన్‌లోని నారాలో ఈ ప్రశ్నకు మతం కూడా తోడైంది. క్రీ.శ. 768లో వెలసిన కసుగా ఆలయపు దేవుడు తెల్ల జింకనెక్కి వచ్చాడని స్థలపురాణం చెబుతుంది గనుక అక్కడి జింకలు దైవ పరివారం. ఆలయం వెనుక కొండ మీద 841లోనే వేటనూ చెట్ల నరికివేతనూ నిషేధించారు గనుక అడవి కూడా దేవుడి సొత్తే.

ఆ అడవిలో ఓక్ చెట్లు కాయలు రాలుస్తున్నా, మొలకలను జింకలు రెండాకుల నాడే కొరికేస్తున్నందున, ముసలి చెట్టు కూలిన చోట దాని సంతతి నిలవడం కష్టమైంది. ఆ ఖాళీలోకి చేరేవి అరుచి జాతులు, అంటే వాసన వల్లనో విషం వల్లనో మేత జంతువులు వదిలేసే మొక్కలు. నగి అటువంటిదే: పైన్, దేవదారులు చేరే శంకుధారి వర్గానిదే అయినా దీని ఆకు సూదిలా ఉండక వెడల్పుగా, నడిమి ఈనె లేకుండా, నిలువునా సన్నని గీతలతో నిగనిగలాడుతుంది, నీడలోనూ మొలుస్తుంది, జింక దాని జోలికి పోదు. పూర్వం దేవుడికి అర్పణగా నాటిన చెట్టే ఇలా వ్యాపించిందని అంటారు. నగి వనం 1923లోనూ, జింకలు 1957లోనూ సహజ స్మారకాలుగా ప్రకటితం కాగా, నడుమ 1955లో కొండ అడవికి ప్రత్యేక స్మారక హోదా దక్కింది. ఒకదానికొకటి పొసగని మూడింటికీ ప్రభుత్వం ఒకే తరహా అభయమిచ్చిందన్నమాట.

జైనులు సంకల్పంలో పుట్టే భావహింసనూ, చేతలో జరిగే ద్రవ్యహింసనూ వేరు చేశారు. అరుచి జాతిని నాటేవాడిలో ఈ రెండూ కనిపించవు, అయినా మేత తరిగిపోతుంది. పశువులు ముట్టవన్న ధీమాతో తెలుగు రైతులు నీలగిరి నాటినప్పుడు ఎవరికీ పాపభీతి కలగలేదు. మొలకల చుట్టూ వేసే కంచె తీరు వేరు: అది జింకను బాహాటంగా అడ్డుకుంటుంది, మొక్క మేత గీతను, అంటే జింక మూతి అందే ఎత్తును, దాటాక తీసేయడానికి వీలిస్తుంది, ఆ పైన రాలే ఓక్ కాయలు మళ్లీ జింకకే దక్కుతాయి. అరుచి చెట్టు చెప్పే ‘లేదు’కు అటువంటి గడువు లేదు. అందుకే కంచె మోటుగా కనిపించినా ధర్మానికి దగ్గరగా ఉంది.

అయితే జింకలను అదుపులో ఉంచే తోడేలు అక్కడ లేదు. జపాన్ తోడేలు చివరిసారిగా చిక్కింది 1905లో, ఈ నారా ప్రాంతపు కొండల్లోనే. వేట మానిన మనిషి అహింస ఒకప్పుడు ఆ తోడేలు కోరల అండతోనే సాగింది. ఇప్పుడా భారం కంచె గుంజల మీద పడింది, కంచె చుట్టని చోట నగి నీడ చిక్కబడుతోంది.