తలుపు మీది మాట, తలుపు మీది మనిషి

మా అమ్మ ఆరు నెలలు ఉండిపోదామని అమెరికా వచ్చిన కొత్తలో జరిగిన సంగతి. ఒక మధ్యాహ్నం నేనూ మా ఆవిడా ఉద్యోగాలకు వెళ్లి ఉండగా మా అపార్టుమెంటు భవనంలో ఫైర్ అలారం మోగింది. ఎవరింట్లోనో కూర మాడింది, అంతకు మించి ఏమీ లేదు. కాని ఆ సంగతి అమ్మకు తెలియదు గదా. నాలుగో అంతస్తు వరండాలో అటూ ఇటూ తిరిగింది. లిఫ్టు ఆగిపోయింది. చివరికి పక్క వాటాలో ఉండే చైనా ముసలాయన, ఆయన భార్య దిగుతుంటే వాళ్ల వెనకాలే దిగింది.

సాయంత్రం నేను, "మెట్ల తలుపు ఎదురుగానే ఉంది గదమ్మా. పైన ఇంతేసి అక్షరాలతో ఎగ్జిట్ అని రాసి కూడా ఉంది" అన్నాను.

"ఎర్ర దీపం వెలుగుతున్న తలుపు తియ్యకూడదు గదరా నాయనా. పైగా దాని మీద ఇంటూ మార్కు కూడా ఉందాయె" అంది.

మొదట నవ్వొచ్చింది. ఆ రాత్రి మటుకు నిద్ర పట్టలేదు. మన ఊళ్లో ఆసుపత్రిలో ఆపరేషను గది మీద ఎర్ర దీపం వెలిగితే ఎవరూ లోపలికి పోరు. బళ్లో మాస్టారు లెక్క పక్కన ఇంటూ పెడితే ఆ లెక్క తప్పు. అమ్మ ఆ తలుపును చదవలేదని అనలేం. తనకు వచ్చిన భాషలో చదివింది, అర్థం తలకిందులైంది. ఆమె చదువు రానిదీ కాదు. తెలుగు వారపత్రిక చేతికిస్తే ప్రకటనలతో సహా చదివిగాని కింద పెట్టదు. విమానం దిగిన క్షణాన చదువు రానిదైపోయింది. ఇలాంటప్పుడు తప్పు ఎవరిది? నేర్చుకోనివారిదా, గుర్తు పెట్టినవారిదా?

గుర్తుల గురించి ఆలోచించిన పడమటివారిలో అమెరికన్ తత్త్వవేత్త చార్లెస్ శాండర్స్ పర్స్ (1839–1914) చేసిన విభజన నాకు సుళువుగా తోస్తుంది. పొగ నిప్పుకు గుర్తు. నిప్పే దాన్ని పుట్టించింది గనక. మన తర్కశాస్త్రం చదివినవారికి ఈ పొగ పాత చుట్టమే. బొమ్మ మనిషికి గుర్తు. పోలిక ఉంది గనక. మాటకు ఆ పుట్టుకా లేదు, ఈ పోలికా లేదు. మనమంతా అలా అనుకున్నాం గనక అది గుర్తయింది. స్విట్జర్లండుకు చెందిన సొస్యూర్ ఉపన్యాసాలు ఆయన పోయాక 1916లో పుస్తకంగా వచ్చాయి. మాటకూ అర్థానికీ నడుమ సహజమైన బంధం లేదన్నది అందులో మూలసూత్రం. మన నైయాయికులూ అది సంకేతమే అన్నారు. మీమాంసకులు ఒప్పుకోలేదు, నిత్యసంబంధమన్నారు. ఆ తగువు ఇక్కడ వద్దు.

పడమటివారు అక్షరాలవారు, తూర్పాసియావారు బొమ్మలవారు అని ఒక మాట ప్రచారంలో ఉంది. దాన్ని ప్రచారంలో పెట్టింది ముఖ్యంగా పడమటివారే. జర్మన్ తత్త్వవేత్త లైబ్‌నిట్జ్, ఏ భాషవాడైనా చదవగలిగే సార్వజనీన లిపికి చైనా లిపిలో దారి దొరుకుతుందేమోనని ఆశపడ్డాడు. టోక్యోలో పాఠాలు చెప్పిన ఫెనొలోసా అనే అమెరికన్ రాసిపెట్టుకున్న వ్యాసాన్ని ఎజ్రా పౌండ్ 1919లో అచ్చు వేయించాడు. చైనా అక్షరాలు వస్తువులకూ క్రియలకూ గీసిన చిత్రాలని దాని సారాంశం. ఇంగ్లీషు కవిత్వానికి దానివల్ల మేలు జరిగి ఉండవచ్చు గాని, చైనా లిపికి న్యాయం జరగలేదు.

చెట్టు అక్షరం చెట్టులా ఉంటుంది, రెండు చెట్లు పెడితే తోపు, మూడు శిఖరాలు గీస్తే కొండ. నిజమే. ఎవరు నేర్పినా మొదటి పాఠంలో ఇవే చూపిస్తారు. కాని క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలకు నిఘంటువు కూర్చాడు. అందులో అచ్చంగా బొమ్మలైనవి కొద్ది. చాలా వాటిలో సగం అర్థాన్ని సూచిస్తే సగం ఉచ్చారణను సూచిస్తుంది. 'అమ్మ' అని చెప్పడానికి వాళ్లు వాడే ఒక అక్షరంలో ఒక పక్క స్త్రీ, ఇంకో పక్క గుర్రం. గుర్రానికీ అమ్మకూ ఏ చుట్టరికమూ లేదు. గుర్రాన్ని వాళ్లు 'మా' అంటారు, అమ్మనూ కాస్త స్వరం మార్చి 'మా' అంటారు, అంతే. బడికి పోయి ఏళ్ల తరబడి చెయ్యి నొప్పి పుట్టేలా రాస్తేగాని ఆ లిపి రాదు. చూడగానే అర్థమయ్యేదైతే ఆ పిల్లలకు అంత కష్టం దేనికి?

దీనికి జపానులో కనిపించే సాక్ష్యం పుస్తకాలలో కంటె తలుపుల మీదే ఎక్కువ. అక్కడ అపాయం వచ్చినప్పుడు బయటపడే దారిని 'హిజోగుచి' అంటారు. చైనానుంచి తెచ్చుకున్న మూడక్షరాలు. విడదీస్తే 'మామూలు కాని నోరు'. పూర్వం తలుపుల మీద ఆ మూడక్షరాలే ఉండేవి. 1972లో ఒసాకాలో ఒక పెద్ద అంగళ్ల భవనం అంటుకొని 118 మంది చనిపోయారు. మరుసటి ఏడు కుమమోతోలో మరొక భవనంలో నూరుమందికి పైగా పోయారు. పొగలో, భయంలో, ఆ మూడక్షరాలూ మనిషికి అందుతాయా అన్న ప్రశ్న వచ్చింది. అక్షరాలు ఇంకా పెద్దవి చేద్దామా అనుకున్నారు. చివరికి అక్షరాలనే పక్కన పెట్టారు. బొమ్మలు గీసి పంపమని దేశమంతటా పోటీ పెట్టి, ఎంచిన దాన్ని యుకియో ఓతా అనే డిజైనరూ ఆయన తోటివారూ సవరించారు. తలుపులోనుంచి పరుగెత్తే మనిషి, పచ్చ రంగులో. అదే సమయంలో సోవియట్ యూనియన్ కూడా అలాంటి మనిషినే ప్రతిపాదించింది. 1985లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జపాను మనిషిని ఒప్పుకుంది. ఇవాళ యూరపులో, కెనడాలో, ఎన్నో దేశాలలో తలుపుల మీద పరుగెత్తుతున్నది అతనే.

ఏ లిపిని చూసి పడమటివారు బొమ్మలు అని మురిసిపోయారో, ఆ లిపివాళ్లే ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇది బొమ్మ కాదు, మాటే, నేర్చుకున్నవాడికే పనికివస్తుంది అని గ్రహించారు. అంతకు ముందే, 1964 టోక్యో ఒలింపిక్సులో, తమ రాత చదవలేని వేలమంది వస్తారని ఆటలకూ మరుగుదొడ్లకూ బొమ్మలు పెట్టారు. అయితే బొమ్మ తూర్పువారి సొత్తనుకోవడం కూడా పొరపాటే. 1920లలో వియన్నాలో ఆటో నాయరాత్, సామాన్యులకు లెక్కలూ సంగతులూ తెలియజెప్పడానికి ఒక బొమ్మల భాష తయారుచేశాడు. తేడా తూర్పు పడమరలది కాదనిపిస్తుంది. నా రాత రానివాడు కూడా ఈ తలుపు దగ్గరికి వస్తాడు అని తలచారా లేదా అన్నదే తేడా.

అమెరికావారి పక్షాన చెప్పవలసిందీ ఉంది. ఆ అక్షరాలు ఆరంగుళాలకు తగ్గకూడదని ఇక్కడ ప్రమాణం ఉంది. తరాలుగా జనం కళ్లకు అలవాటైన మాట అది. బొమ్మ మటుకు ఏమీ నేర్వకుండా అర్థమవుతుందా? తూర్పున షేరు మార్కెట్టు బోర్డుల మీద ఎరుపు లాభం, ఇక్కడ నష్టం. జపాను బళ్లలో సున్నా చుడితే ఒప్పు, ఇంటూ పెడితే తప్పు. సోనీవారి ప్లేస్టేషనులో జపానులో సున్నా మీట 'సరే', ఇంటూ మీట 'వద్దు'. అమెరికాకు వచ్చేసరికి ఇంటూయే 'సరే' అయింది. 2020లో అయిదో యంత్రం వచ్చినప్పుడు జపాను పిల్లలనే అమెరికా పద్ధతికి మార్చారు. గుర్తులకు తర్కం ఒకటే చాలదు, బలం కూడా కావాలి కాబోలు.

ఇంకో తలుపు గురించి చెప్పాలి. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అనే దుస్తుల ఫ్యాక్టరీ కాలిపోయి 146 మంది చనిపోయారు. చాలామంది యూదు, ఇటలీ కుటుంబాల ఆడపిల్లలు, వలస వచ్చినవారు. మెట్లవైపు తలుపు ఒకటి తాళం వేసి ఉంది. దాని మీద ఎంత మంచి బొమ్మ ఉన్నా, ఏ భాషలో రాసి ఉన్నా ఆ పిల్లలకు ఒరిగేదేమిటి? రాజ్యం అప్పగిస్తే మొదట ఏం చేస్తావని శిష్యుడు అడిగితే కన్ఫ్యూషియస్ పేర్లు సరిచేస్తానన్నాడట. వినడానికి పండితుడి చాదస్తంలా ఉంటుంది. తాళం వేసిన తలుపును దారి అని పిలవడం ఎలాంటిదో తెలిశాక ఆ జవాబు నాకు చాదస్తంగా తోచలేదు.

అమ్మను మర్నాడు మళ్లీ అడిగాను, ఆ చైనావాళ్లతో నువ్వేం మాట్లాడావని. వాళ్లకూ ఇంగ్లీషు రాదు. కొడుకు దగ్గరికి వచ్చినవాళ్లే.

"మాటలేముంటాయిరా. ఆయన ఆ తలుపు తీసి పట్టుకొని నన్ను రమ్మన్నాడు."

"ఎలా రమ్మన్నాడు?"

అమ్మ అరచెయ్యి కిందికి తిప్పి వేళ్లు నాలుగుసార్లు ఆడించి చూపింది. మన ఊళ్లో అరుగు మీద కూర్చుని పిల్లల్ని పిలిచినట్టే. చైనాలో, జపానులో కూడా అలాగే పిలుస్తారు. అమెరికావారైతే అరచెయ్యి పైకి పెట్టి పిలుస్తారు. మన పిలుపు చూసి పొమ్మంటున్నారేమో అనుకునేవారూ ఉంటారు.

నేను ఆ నాలుగు ఇంగ్లీషక్షరాలు అమ్మకు నేర్పాను. ఒక పూటలో వచ్చేశాయి. ఆ తరువాత ఆమె క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు మెట్లూ, బాణమూ గీసి, అడుగున 'మెట్లు' అని తెలుగులో రాసింది. మా తలుపుకు లోపలివైపున అంటించింది. అలాంటిదే ఇంకొకటి, తెలుగు మాట లేకుండా, పక్క వాటా ఆవిడకు ఇచ్చి వచ్చింది.