గుసగుస ఎంత వినబడాలి?

బ్లూ-రే ప్లేయర్ ఉన్నవాళ్ళలో చాలామంది దాని ఆడియో సెట్టింగుల జోలికి వెళ్ళరు. వెళ్తే అక్కడ మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎమ్మా, బిట్‌స్ట్రీమా? డౌన్‌మిక్స్ స్టీరియోనా, సరౌండా? ఇక మూడోది డైనమిక్ రేంజ్ కంట్రోల్: ఆన్, ఆఫ్, ఆటో. కొన్ని కంపెనీలు దీన్నే నైట్ మోడ్ అంటాయి. మొదటి రెండిటికీ జవాబు మీ ఇంట్లో ఏ పరికరాలున్నాయో దాన్నిబట్టి తేలిపోతుంది. మూడోది అలా తేలదు. సినిమాని తీసినవాళ్ళు వినమన్నట్టు వింటారా, మీకు వీలైనట్టు వింటారా అని అడుగుతోందది.

సినిమా శబ్దాన్ని మిక్స్ చేసే థియేటర్లో ఒక్కో ఛానెల్‌నీ 85 డెసిబెల్స్ దగ్గర సరిచేసుకుని పని మొదలుపెడతారు. దానిపైన ఇంకో 20 డెసిబెల్స్ పేలుళ్ళకీ ఉరుములకీ వదిలిపెడతారు. కిందివైపు గుసగుసలు, బట్టల గరగర, ఎక్కడో నడుస్తున్న ఫ్యాను. ఈ ఎత్తుపల్లాలన్నీ ఆ గదిలో, ఆ నిశ్శబ్దంలో ఆలోచించి పెట్టినవి. అదే డిస్కు మన హాల్లోకి వచ్చేసరికి పైన సీలింగ్ ఫ్యాను, కింద ట్రాఫిక్కు, గోడ అవతల పక్క ఫ్లాటు. మాటలు వినబడట్లేదని వాల్యూమ్ పెంచుతాం, రెండో నిమిషంలో కారు పేలుతుంది, రిమోట్ కోసం సోఫా అంతా తడుముకుంటాం. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. నైట్ మోడ్ ఆన్ చేస్తే చిన్న శబ్దాలు కాస్త పైకొస్తాయి, పెద్దవి కాస్త కిందికి దిగుతాయి. ఎత్తుపల్లాలు చదునవుతాయి. (బిట్‌స్ట్రీమ్ పెట్టి రిసీవర్‌కి పంపేవాళ్ళు ప్లేయర్లో ఈ సెట్టింగుని ఎంత మార్చినా లాభం లేదు. డీకోడ్ చేసేది రిసీవరు కాబట్టి అక్కడే వెతుక్కోవాలి.)

సినిమా పిచ్చి బాగా ముదిరిన మిత్రుడొకడు, నైట్ మోడ్‌లో సినిమా చూడటమంటే పద్యాన్ని వదిలేసి తాత్పర్యం చదువుకోవడమే అన్నాడు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. గుసగుస అంటే తక్కువ వాల్యూమ్‌లో ఉన్న మాట మాత్రమే కాదు. అది వినేవాణ్ణి ముందుకు వంగమంటుంది, ఊపిరి బిగబట్టమంటుంది. దాన్ని మామూలు మాట స్థాయికి తెస్తే సమాచారం అందుతుంది కానీ ఆ వంగడం పోతుంది. రహస్యం చెప్పడానికీ కూరగాయల లిస్టు చదవడానికీ తేడా ఉండదు. కేక పెట్టినవాడి కోపం కూడా కొంత తగ్గుతుంది. కాబట్టి నైట్ మోడ్ వల్ల పోయేదేమీ లేదని వాదించలేను.

కానీ మా మిత్రుడి వాదన మంచి చెవులున్న మనిషిని ఊహించుకుని చేసింది. మా నాన్నకి డెబ్బై దాటాయి. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి పై ఫ్రీక్వెన్సీలు. స, శ, త లాంటి హల్లులు జారిపోయి అచ్చులు మిగులుతాయి. అందుకే వినబడుతోంది గానీ అర్థం కావట్లేదంటారు పెద్దవాళ్ళు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు: చిన్న శబ్దం వినబడకపోయినా పెద్ద శబ్దం మనకెంత గట్టిగా ఉంటుందో వాళ్ళకీ దాదాపు అంతే ఉంటుంది. రెండిటి మధ్యా ఉన్న జాగా ఇరుకైపోతుంది. అందుకే డాక్టరు ఇచ్చే హియరింగ్ ఎయిడ్ లోపల జరిగేది కూడా ఇదే, చిన్నవాటిని ఎక్కువ పెంచడం, పెద్దవాటిని తక్కువ పెంచడం. చెవిలో ఆ మిషను పెట్టుకుని సినిమాకి వెళ్తే కళకి ద్రోహం అని ఎవరూ అనరు కదా. అదే పని ప్లేయర్ చేస్తే ఎందుకంటున్నాం?

ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. డీవీడీల మీద మామూలుగా ఉండే డాల్బీ డిజిటల్‌లో శబ్దాన్ని ముందే చదును చేసి పెట్టరు. పూర్తి ఎత్తుపల్లాలతోనే ఉంటుంది. దాని పక్కనే, క్షణక్షణానికీ, ఇక్కడ ఇంత పెంచుకోవచ్చు, ఇక్కడ ఇంత తగ్గించుకోవచ్చు అని చిన్న చిన్న సూచనలుంటాయి. ప్లేయర్ వాటిని పాటించొచ్చు, పక్కన పెట్టొచ్చు. అంటే డిస్కు తయారుచేసినవాళ్ళు మన రాత్రిని ముందే ఊహించారన్నమాట. అయితే దీన్ని దర్శకుడి ఆశీర్వాదం అనుకోనక్కర్లేదు. ఆ సూచనలకి ఫిల్మ్ స్టాండర్డ్, ఫిల్మ్ లైట్, స్పీచ్ వంటి కొన్ని రెడీమేడ్ పద్ధతులుంటాయి. ఎన్‌కోడ్ చేసే మనిషి వాటిలో ఒకటి ఎంచుకుంటాడు, మిగతా లెక్క సాఫ్ట్‌వేర్ చేసుకుంటుంది. అసలు రెండు స్పీకర్ల టీవీలో 5.1 శబ్దం విన్నప్పుడే చాలా మారిపోతుంది. మధ్య ఛానెల్లోని మాటలని రెండు పక్కలకీ పంచుతారు, ఆ '.1' అనే లోతైన గర్జనని మామూలుగా వదిలేస్తారు. నైట్ మోడ్‌ని తప్పుపట్టే శుద్ధవాదులు ఈ డౌన్‌మిక్స్ గురించి ఎప్పుడూ గొడవపెట్టినట్టు కనబడదు.

గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు మానేసి, 1966లో రికార్డింగు భవిష్యత్తు గురించి ఒక వ్యాసం రాశాడు. ఇంట్లో కూర్చుని నాబ్ తిప్పేవాడు కూడా తన చిన్న పరిధిలో సంగీతాన్ని వ్యాఖ్యానిస్తున్నాడనీ, అది మంచిదేననీ ఆయన వాదన. పియానో వాయించేవాడే ఈ మాట అనడం నాకు ధైర్యాన్నిస్తుంది. కాకపోతే నాబ్ ఎక్కడుందన్నది గూల్డ్ కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 2008లో మెటాలికా వాళ్ళ 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు సీడీలో ఎత్తుపల్లాలన్నీ తొక్కేసి, మొదటినుంచి చివరిదాకా ఒకటే మోతగా మార్చారని అభిమానులు గోల పెట్టారు. అవే పాటలు 'గిటార్ హీరో' అనే వీడియో గేమ్‌లో అంత తొక్కుడు లేకుండా వినిపించాయి. సీడీ కొన్నవాడు ఏ మీట నొక్కినా ఆ పోయినది తిరిగిరాదు. మన దగ్గర 1957 నాటి 'మాయాబజార్'ని 2010లో రంగుల్లోకి మార్చినప్పుడు మోనో శబ్దాన్ని కూడా డీటీఎస్ చేశారు. దానిమీద నాకు కోపమేమీ లేదు, ఎందుకంటే నలుపు తెలుపు బొమ్మ ఎక్కడికీ పోలేదు. అది దొరక్కుండా చేసుంటే మాత్రం వేరే మాట మాట్లాడేవాణ్ణి.

కాబట్టి డిస్కుకి ఇవతల, నా గదిలో నేను చేసే మార్పు నా ఇష్టం. అవతల, అందరి కాపీలోనూ చేసేది దౌర్జన్యం. ఇలా గీత గీసుకుని హాయిగా ఉండొచ్చు. కానీ గది నా ఒక్కడిదీ కాదు. ఒక్క ప్లేయర్, ఒక్క సెట్టింగు, నాలుగు జతల చెవులు. ఆఫ్ చేస్తే నాన్న సినిమాలోంచి మెల్లగా బయటికి వెళ్ళిపోతారు. ఆయన అడగరు. వినబడుతోందా నాన్నా అంటే "ఆఁ, బానే ఉందిరా" అంటారు, పది నిమిషాల తర్వాత పేపరు తీస్తారు. ఆన్ చేస్తే మా పాపకి గుసగుస అంటే ఏమిటో తెలియకుండా సినిమాలు అలవాటవుతాయి. కొన్ని ప్లేయర్లలో ఉండే 'ఆటో' ఈ గొడవ తీర్చదు. అది డిస్కులో ఏం రాసుందో చూస్తుంది గానీ సోఫాలో ఎవరున్నారో చూడదు. ఇద్దరిలో ఎవరి నష్టం పెద్దదని అడిగితే నా జవాబు నాన్నదే. పాపకి ముందు బోలెడు సినిమాలున్నాయి. పాపని అడిగితే వేరే జవాబు రావచ్చు.

ప్రస్తుతం మా ఇంట్లో ఆయన హాల్లో ఉన్నంతసేపూ ఆన్. ఆయన పడుకున్నాక ఆఫ్ చేద్దామంటే అప్పటికి రాత్రి పదవుతుంది, పక్క ఫ్లాట్లో నెలల పిల్లాడున్నాడు. పూర్తి ఎత్తుపల్లాలతో వినే వీలు దొరికేది ఆదివారం పొద్దున, ఆయన రైతుబజారుకి వెళ్ళొచ్చే గంటన్నరలో. పోయిన వారం సినిమా సగంలో ఉండగా వచ్చేశారు.