దేశాంతరమున ధనుర్మాసము

పూజకు పూనుకొను గృహస్థుడు మొదట సంకల్పము చెప్పుకొనును. అందు కాలమును మాత్రమే గాక, తాను నిలిచియున్న చోటును కూడ పేర్కొనవలెను. తెలుగుదేశమున నున్నవాడు జంబూద్వీపమని, భరతవర్షమని, శ్రీశైలమునకు ఫలానా దిక్కున నని, కృష్ణా గోదావరుల నడుమ నని తన యింటిని గుర్తించుకొనును. ఆ గృహస్థుడే ఉద్యోగార్థమై అమెరికాకు పోయి, పెన్సిల్వేనియా రాష్ట్రమున నొక అద్దెయింట దేవుని పటము నెదుట కూర్చున్నప్పుడు ఏమని చెప్పవలెను? అచ్చటి పురోహితులు క్రౌంచద్వీపమని చెప్పించుట వాడుకలోనికి వచ్చినది. పురాణములలోని ఆ ద్వీపము నేటి భూపటమున ఎచ్చటిదో పండితులు తర్కింతురు గాక. ఒక్క విషయము మాత్రము స్పష్టము. గోదావరీతీరమున లేనివాడు అచ్చట నున్నానని పలికి పూజ మొదలిడరాదు. తానెచ్చట నున్నాడో నిజముగా ఒప్పుకొనుటయే పూజకు తొలిమెట్టు.

పరదేశమున పండుగ చేసికొను కుటుంబములకు ఈ ఒప్పుకొనుటయే కష్టముగా నుండును. ధనుర్మాసము వచ్చినదనగా మనస్సు స్వగ్రామమునకు పరుగిడును. వేకువజామున హరిదాసు చిడతల చప్పుడు, వాకిట ముగ్గు, ముగ్గు నడుమ గొబ్బెమ్మలు, కోవెలలో దొన్నెలో పెట్టెడి వేడిపొంగలి, ఇవన్నియు కన్నుల గట్టును. అచ్చట నున్నది వేఱు. కిటికీకి ఆవల మంచు. వాకిలి యనునది లేదు. పది కాపురములకు ఒక్కటే నడవ. హారతి పొగ కొంచెము హెచ్చినచో పైకప్పునందలి ప్రమాదఘంట మ్రోగి ఇరుగుపొరుగు లేచి వత్తురు. కావున కర్పూరము మాని చిన్న నేతిదీపముతో సరిపెట్టుకొనుచుందురు. గొబ్బెమ్మలకు పేడ లేదు. భోగిపండ్లకు రేగుపండ్లు దొరకని చోట మఱియేదో చిన్న ఎఱ్ఱని పండు తెత్తురు. ఇల్లాలు ఇన్నియు ఓపికతో సమకూర్చుకొనును గాని, ప్రతిదానియందును లోపమునే చూచును. “మా ఊళ్లో ఇట్లు కాదు” అను మాట ప్రతి పండుగనాడును పిల్లల చెవిని పడుచుండును.

ఆ పిల్లలు అచ్చటనే పుట్టినవారు. వారికి ఆ ఊరు ఒక కథ. ఎన్నడును చూడని ఊరి కొఱకు ఎవరు బెంగపడగలరు? తల్లి కన్నీరు వారికి అర్థమగును గాని, ఆ కన్నీరు వారిది కాదు. పండుగ యనగా పోగొట్టుకొన్నదానిని తలచుకొనుట యని వారు ఎఱుగకయే నేర్చుకొందురు. అప్పుడొక ప్రశ్న పుట్టుచున్నది. ఈ పండుగ ఎవరిని ఉద్దేశించి చేయబడుచున్నది? శ్రీమన్నారాయణునా, విడిచివచ్చిన ఊరినా?

ద్రవ్యలోపమును గూర్చి దిగులు పడ నక్కఱలేదు. శాస్త్రము దానిని ఏనాడో ఆలోచించినది. జైమిని పూర్వమీమాంస ఆఱవ అధ్యాయమున ప్రతినిధిద్రవ్యవిచారము కలదు. వ్రీహులు దొరకనిచో నీవారములతో యాగము జరుపవచ్చును. అయినను యజమానుని దృష్టి వ్రీహులయందే యుండవలెను. అనగా బదులు పెట్టుట తప్పు గాదు. దేనికి బదులో మఱచుట తప్పు. ఇక భక్తిమార్గమున నైనచో గీతాచార్యుడు ఆకుతో, పువ్వుతో, నీటితోనే తృప్తుడనని యనెను గదా.

కాలము మాట కొంచెము నిదానముగా చూడవలసినది. తిథి యనగా సూర్యచంద్రుల నడుమ పండ్రెండేసి భాగల దూరము. అది మాఱెడి క్షణము లోకమంతటికి ఒక్కటే. సూర్యోదయము మాత్రము ఊరూరికి వేఱు. న్యూయార్కు గడియారము మన గడియారముకంటె చలికాలమున పదిన్నర గంటలు వెనుకబడి యుండును. అందుచే ముక్కోటి ఏకాదశి మన క్యాలెండరునందలి తేదీకి ముందునాడే అచ్చట రావచ్చును. మకర సంక్రమణమును అంతే. ఇంటినుండి తాతగారు ఫోనులో చెప్పిన తేదీని పట్టుకొని ఉపవసించువారు భక్తులే. కాని తామున్న చోటి సూర్యుని విడిచి, విడిచివచ్చిన చోటి సూర్యుని అనుసరించుచున్నారు. ఆయా నగరములకు గణించిన పంచాంగములు నేడు సులభముగా లభించుచున్నవి. ఆస్ట్రేలియాలో నున్నవారి సంగతి మఱింత వింత. వారికి సంక్రాంతి నడివేసవిలో వచ్చును!

అన్నింటికంటె చిక్కైనది శనివారపు పండుగ. పనిదినమున సెలవు దొరకదు. బడి మానిపింప వీలులేదు. ఊరిలోని తెలుగువారందఱు కలియుటకు శనివారమో ఆదివారమో తగును. అందుచే సంక్రాంతి ఒక వారము జరిగి, ఒక్కొక్కప్పుడు ఫిబ్రవరి మాసమునకు కూడ పోయి, అద్దెకు తీసికొన్న హాలులో పట్టుచీరలతోడను సినిమాపాటలతోడను ముగియును. దీనిని నిందించుట సులభము. కాని నలువదియేసి మైళ్లు కారు నడుపుకొని వచ్చి ఒకరి మొగము నొకరు చూచుకొనువారి ఆనందమును తేలికగా చూడరాదు. కూడిక పండుగలో ఒక భాగము, అది జరుగవచ్చును. వ్రతము మాత్రము జరుగరాదు. ఏకాదశి ఏకాదశినాడే. హాలులోని కూడికను చూచుకొని ఇంటిలో అసలు దినమున దీపమైన వెలిగింపని వారివద్దనే చిక్కు. “నేడు సంక్రాంతి యైనచో మనము శనివారము చేయుట ఏల?” అని బిడ్డ అడిగినప్పుడు, “అది స్నేహితులతో, నేడు పెరుమాళ్లతో” అని తల్లి చెప్పగలిగి యుండవలెను.

ఊరిని తలచుటయే తప్పా యన్నచో, గోదాదేవి చరిత్రము జ్ఞాపకము వచ్చుచున్నది. తిరుప్పావై వ్రతమునకు మూలమైన ఆ తల్లి గోకులమున పుట్టలేదు. ఆమె యున్నది శ్రీవిల్లిపుత్తూరు. కృష్ణావతారము ముగిసి యుగము మాఱినది. యమున లేదు, గోపికలు లేరు. అయినను ఆమె తన ఊరినే గోకులముగ, వటపత్రశాయి కోవెలనే నందగోపుని భవనముగ, తన చెలులనే గోపికలుగ, తన్ను కూడ గోపికగ భావించి వ్రతము సలిపెనని పెద్దలు చెప్పుదురు. ధనుర్మాసవ్రతమే దూరమున నున్నవారి వ్రతమన్నమాట! ఇది సంకల్పమున నిజము పలుకవలెనను మాటకు విరుద్ధమా? కాదు. గోకులము దూరమైనదని ఆమె కూర్చుండి యేడ్వలేదు. దానిని తన వీధికి రప్పించెను. ఆమె కోరినది గోకులమును గాదు, గోకులమున నున్నవానిని. పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా రూపములలో అర్చారూపమే మిక్కిలి సులభమని ఆచార్యులు చెప్పుట ఇందులకే. ఆ స్వామి ఇంటిలోని చిన్న విగ్రహమునందును నిండుగా నుండును. 1976వ సంవత్సరమున పిట్స్‌బర్గు చెంత పెన్ హిల్స్‌లో శ్రీవేంకటేశ్వరుని ప్రతిష్ఠ జరిగినప్పుడు, తిరుమల పోలికను చూచి మురిసినవారు ఎందఱో. తిరుమల ఏడుకొండలలో నుండగానే స్వామి ఇచ్చటికిని వచ్చెనని గ్రహించినవారు మఱింత ధన్యులు.

బెంగ ఒక తరముతో తీఱిపోవును. కైంకర్యము అట్లు గాదు. మారిషస్ ద్వీపమునకు 19వ శతాబ్దిలో చెఱకుతోటల కూలీలుగా పోయిన తెలుగువారు కోరంగి రేవున ఓడలెక్కిరి. వారిని ఆ రేవు పేరనే అచ్చట పిలిచిరి. నేటి వారి సంతతికి కోస్తా పల్లెల జ్ఞాపకము లేదు. పలువురకు ఇంటిలో తెలుగు మాటలాడు అలవాటును లేదు. అయినను సింహాద్రి అప్పన్న పూజ నిలిచినది. రామభజనము నిలిచినది, దీపము చుట్టును తిరుగుచు పాడుచున్నారు. ఉగాది ఆ దేశమున సెలవుదినము. ఆ కూలీలు తమ బిడ్డలకు సింహాచలమును చూపలేకపోయిరి, అప్పన్నను చూపిరి.

పెన్సిల్వేనియాలో డిసెంబరు చివర సూర్యుడు ఏడు దాటిన పిమ్మటగాని లేవడు. బడిబండి వచ్చునప్పటికి ఇంకను చీకటియే. ఆ చీకటిలో తలంటుకొన్న బిడ్డలు దీపము ముందు నిలిచి ఆనాటి పాశురమును తెలుగక్షరములలోనో ఇంగ్లీషు అక్షరములలోనో చూచి చదువుదురు. ఒకటి రెండు మాటలు తప్పిపోవును. తల్లి సరిదిద్దును. ఇరువదియేడవ నాడు మాత్రము అందఱును ముందుగనే లేతురు. ఆనాడు నేయి ఓడు చక్కెరపొంగలి ఆరగింపు. మిగిలినదానిని డబ్బాలో పెట్టుకొని, అదియేమని అడిగిన తోటిపిల్లలకు ఏమని చెప్పవలెనో మాటలాడుకొనుచు వారు మంచులోనికి దిగుదురు.