హంతకుడెవరో తెలిశాక

అద్దె పుస్తకాల షాపులు వీధికొకటి ఉన్న రోజుల్లో డిటెక్టివ్ నవలకి రెండు గండాలుండేవి. ఒకటి, చివరి పేజీలు చిరిగిపోవడం. రెండోది, మనకంటే ముందు చదివినవాళ్లెవరో మొదటి పేజీలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసిపెట్టడం. చివరి పేజీలు లేని పుస్తకాన్ని షాపులో తిరిగిచ్చేసి ఇంకోటి తెచ్చుకునేవాళ్లం. పేరు రాసి ఉన్న పుస్తకాన్ని మాత్రం, రాసినవాళ్లని తిట్టుకుంటూనే, ఆఖరిదాకా చదివేవాళ్లం. ఈ వానాకాలమంతా వరసగా పాపులర్ నవలలు చదువుతూ, ఒక్కోదాని మీదా నా అభిప్రాయం రాసుకుంటుంటే ఆ సంగతే పదేపదే మనసులోకి వచ్చింది. రహస్యం ముందే బయటపడ్డ పుస్తకంలో అంతసేపు మనల్ని కూర్చోబెట్టినది ఏమిటి?

చదివినవాటిలో హాయిగా నవ్వించేవి ఉన్నాయి, దీపం ఆర్పనివ్వనివీ ఉన్నాయి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’, పొత్తూరి విజయలక్ష్మిగారి ‘ప్రేమలేఖ’, యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’, ‘తులసిదళం’, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు కొన్ని, అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ యాక్రాయిడ్’, జపాన్ రచయిత కెయిగో హిగాషినో ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. కొన్ని కొత్తగా చదివాను, కొన్ని చాలా ఏళ్లకి మళ్లీ తెరిచాను. మామూలుగా వీటిని ఒకే అరలో పెట్టరు. ఒకదాని వెంట ఒకటి చదివితే మాత్రం ఇవన్నీ దగ్గరి చుట్టాలని తెలుస్తుంది.

హిగాషినో నవలతో మొదలుపెడతాను. 2005లో వచ్చింది, జపాన్‌లో ప్రతిష్ఠాత్మకమైన నవోకి బహుమతి అందుకుంది. టోక్యోలో యాసుకో అనే ఆవిడ భోజనం డబ్బాలు అమ్మే చిన్న దుకాణంలో పనిచేస్తూ కూతుర్ని పెంచుకుంటోంది. విడిపోయిన భర్త ఆచూకీ పట్టుకుని వచ్చి డబ్బు కోసం పీడిస్తాడు. పెనుగులాటలో తల్లీకూతుళ్ల చేతుల్లో అతని ప్రాణం పోతుంది. పక్క వాటాలో ఒంటరిగా ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి గోడ అవతలి నుంచే సంగతి గ్రహించి తలుపు కొడతాడు. ఇకమీద ఏం చెయ్యాలో నేను చూసుకుంటానంటాడు. ఇదంతా నవల ఆరంభంలోనే జరిగిపోతుంది.

ఎవరు చంపారో, ఎందుకు చంపారో, దేనితో చంపారో అన్నీ చెప్పేశాక రచయిత చేతిలో ఇంకేముంటుంది? ఇషిగామి ఉంటాడు. గణితంలో అపారమైన ప్రతిభ ఉండి, ఇష్టం లేని పిల్లలకి బడిలో లెక్కలు చెప్పుకుంటూ బతికే మనిషి. రోజూ పొద్దున్నే యాసుకో దుకాణానికి వెళ్లి ఒక డబ్బా కొనుక్కోవడమే ఆయన జీవితంలో మిగిలిన పండగ. పోలీసులు ఒక్కో అడుగూ దగ్గరికి వస్తుంటే నాకు గుండె దడదడలాడింది. న్యాయం ఎటుందో తెలిసీ నేను పోలీసుల పక్షాన లేను. కాలేజీ నాటి స్నేహితుడు, భౌతికశాస్త్రవేత్త యుకావా ఆ గుమ్మంలోకి వచ్చినప్పుడైతే పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాను. పట్టుబడితే ఈ మనిషి ఏమైపోతాడన్న బెంగే ఆ ఉత్కంఠ అంతా. నవలకి చివర్లో మరో రహస్యం ఉంది, దాన్ని ఇక్కడ చెప్పను. అది తెలిశాక ఇషిగామి మీద నాకున్న జాలి నిలువునా చీలింది, ఇప్పటికీ అతుక్కోలేదు. పుస్తకంలో లోటు లేదని కాదు. యాసుకో లోపలి మనిషి మనకి సరిగ్గా కనపడదు. ఆవిడ ఎప్పుడూ ఎవరో ఒకరి రక్షణలోనో, ఎవరో ఒకరి కోరికలోనో కనిపిస్తుంది తప్ప తనంతట తానుగా కాదు. ఇంత లెక్క తెలిసిన రచయిత ఆవిడకి కూడా కొన్ని పేజీలు కేటాయించి ఉంటే బావుండేది.

నిజానికి ముగింపు తెలిసి కథ వినడం మనకి కొత్త కాదు. అభిమన్యుడు పద్మవ్యూహం నుంచి తిరిగి రాడని తోలుబొమ్మలాట చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ తెలుసు. అయినా ఉత్తర వీడ్కోలు చెప్పే ఘట్టంలో గొంతులో ఏదో అడ్డుపడేది. బాలనాగమ్మ బుర్రకథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని చంటిపిల్లలకి కూడా తెలుసు. బాలవర్ధిరాజు ఆ చిలక కోసం బయల్దేరినప్పుడు, ఎన్నోసారి వింటున్నా సరే, జనం నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్లు. తెలియనితనమే ఉత్కంఠకి మూలమైతే మన పల్లెల్లో ఏ కథా రెండోసారి నడిచేది కాదు. ఇది మనస్తత్వ శాస్త్రానికీ పరీక్షాంశమైంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో ఇద్దరు పరిశోధకులు కొందరికి కథ ముగింపు ముందే చెప్పి, కొందరికి చెప్పకుండా చదివించి చూస్తే, ముందే తెలిసినవాళ్లకే కథ కాస్త ఎక్కువ నచ్చిందట.

మా చెల్లెలి కూతురు ఈ పరిశోధన చదవలేదు, కానీ ఆ పిల్ల పద్ధతే అది. ‘వెన్నెల్లో ఆడపిల్ల’ చదవమని ఇస్తే, “పెద్దమ్మా, చివర్లో ఏమవుతుందో ముందు చెప్పు, అప్పుడు మొదలుపెడతా” అంది.

“చెప్పేస్తే ఇంకేం చదువుతావే?” అన్నాను.

“తెలియకపోతే దానికోసం గబగబా పరిగెత్తేస్తాను పెద్దమ్మా. తెలిస్తే నెమ్మదిగా చదువుతా.”

చెప్పాను. చదివి, ముగింపు తెలిసిన పిల్లే, అర్ధరాత్రి నాకు ఫోన్ చేసింది. సరిగ్గా మాట్లాడలేకపోయింది. ఆ నవల గురించి నాకు చాలాకాలంగా ఒక అనుమానం ఉండేది. చదరంగం ఆటగాడు రేవంత్‌కి ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, నా నంబరు కనుక్కో చూద్దాం అని పందెం కాస్తుంది. కథంతా ఆ వెతుకులాటే. ఫోన్ మోగగానే అవతలివాళ్ల నంబరు తెర మీద కనపడే ఈ కాలంలో ఆ పందెం ఒక్క క్షణం నిలవదు. అందుచేత ఇప్పటి పిల్లలకి ఇది అర్థంలేని కథ అవుతుందనుకున్నాను. అలా జరగలేదు. ఆ అమ్మాయి గొంతులో ఉన్న తొందరకి కారణమేమిటన్నదే లోపలి ప్రశ్న, దానికి పాత ఫోన్లతో పనిలేదు.

మన పాపులర్ నవల చాలావరకు వారపత్రికల్లో సీరియల్‌గా పుట్టింది, ఆ పుట్టుక ఆనవాళ్లు పుస్తకంగా వచ్చాక కూడా చెరగలేదు. కొన్ని పేజీలకోసారి తలుపు చప్పుడవుతుంది, లేదా ఉత్తరం విప్పిన మనిషి ముఖం పాలిపోతుంది. వచ్చే గురువారం దాకా పాఠకుణ్ణి పట్టి ఉంచాలి మరి. ఒక్క బిగిన చదివితే ఆ అతుకులు కనిపించి కొన్నిచోట్ల విసుగనిపిస్తుంది. అయితే ఆ వారం రోజుల ఎదురుచూపులో జరిగిన పని తక్కువది కాదు. పాత్రలు ఇంట్లో మనుషులైపోయేవి. వంటింట్లో అమ్మ, పక్కింటి పిన్నిగారు కలిసి, ఆ అమ్మాయి అలా చెయ్యకుండా ఉండాల్సిందని వాదించుకునేవాళ్లు. సీరియల్ కాయితాలు చింపి, బైండు చేయించి దాచుకున్న ఇళ్లు ఎన్నో. కథ ఏమవుతుందో తెలిసిపోయాకే ఆ బైండు జరిగేది.

క్రిస్టీ నవల దగ్గర నాకు చిక్కు వచ్చింది. అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1945లో డిటెక్టివ్ నవలల మీద ఒక వ్యాసం రాస్తూ, రోజర్ యాక్రాయిడ్‌ని ఎవరు చంపితే ఎవరికి కావాలని దాని పేరులోనే అడిగాడు. కోపంతో అడిగినా అందులో నిజం కొంత ఉంది. ఆ నవలలో యాక్రాయిడ్ కోసం మనసారా ఏడ్చినవాళ్లు కనపడరు, మనమూ ఏడవం. అక్కడ చావు ఒక లెక్కకి మొదలు మాత్రమే. యుగంధర్ నవలల్లో కూడా నేరాలు నాకు గుర్తుండలేదు. గుర్తున్నది యుగంధర్ నెమ్మది, అసిస్టెంటు రాజుతో మాట్లాడే తీరు. ఆ సాంగత్యం కోసమే ఒకటి అయ్యాక ఇంకోటి తీశాను. త్వమేవాహం రాసిన ఆరుద్రగారంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారంటే, ఈ ప్రక్రియని చిన్నచూపు చూడడానికి మనకి ఆట్టే హక్కు లేదనుకుంటాను.

అయితే విల్సన్ చూడనిది ఒకటి ఉంది. యాక్రాయిడ్ నవలని రెండోసారి చదివితే వేరే పుస్తకమైపోతుంది. నిజం తెలిసి చదువుతుంటే, మొదటిసారి మామూలుగా దాటిపోయిన వాక్యాలు మరో ముఖం చూపిస్తాయి. క్రిస్టీ అబద్ధం ఆడలేదు, అంతా మన కళ్లముందే పెట్టింది. పైగా ఆ నవలలో కథ చెప్పే డాక్టరుగారి అక్క కేరొలిన్ ఉంది. గడప దాటకుండా ఊరి గుట్టంతా తెలుసుకునే మనిషి. ఆమెని చిత్రించడంలో దొరికిన ఆనందంలోంచే తర్వాత డిటెక్టివ్ మిస్ మార్పుల్ పుట్టి ఉండొచ్చని క్రిస్టీయే తన ఆత్మకథలో రాసుకుంది. హత్యల నవలలో నేను ఇష్టంగా ఎదురుచూసింది ఈ నవ్వించే మనిషి కోసమే. ట్విస్టు ఒక్కటే ఉండి కేరొలిన్ లేని నవలలు ఈ వానాకాలంలో కొన్ని చదివాను. వాటి పేర్లు ఇప్పుడు నా నోటుపుస్తకంలో చూసుకుంటే తప్ప గుర్తురావడం లేదు.

నవ్వుకీ ఉత్కంఠకీ ఉన్న చుట్టరికం నాకు పార్వతీశం దగ్గర స్పష్టమైంది. సినీ దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ చాలామందికి తెలిసిందే. బాంబు ఉన్నట్టు కూర్చున్నవాళ్లకి తెలియదు, చూసేవాళ్లకి తెలుసు, అందుకని వాళ్ల ఊసుపోక కబుర్లు కూడా మనకి భయం పుట్టిస్తాయి. సరిగ్గా ఇదే ఏర్పాటు హాస్యంలోనూ ఉంది. 1924లో తొలి భాగం వచ్చిన ‘బారిస్టర్ పార్వతీశం’లో మొగల్తూరు నుంచి బయల్దేరిన కుర్రాడు మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొని దర్జాగా పెట్టుకుంటాడు. మనకి తెలుసు, అతనికి తెలియదు. ‘ప్రేమలేఖ’లో ఊహించి రాసిన ఉత్తరం నిజంగా ఒకాయన చేతికి చేరుతుంది. రాసిందెవరో మనకి తెలుసు, ఆయన దేశమంతా వెతుకుతాడు. జంధ్యాల 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’ సినిమాగా తీసిన ఆ కథని ఇన్నేళ్లకి మళ్లీ నవలగా చదివితే, నవ్వుతో పాటు చిన్న ఆందోళన కూడా కలిగింది. వీళ్లిద్దరూ పక్కపక్కనే ఉండి ఒకరినొకరు తప్పిపోతారేమో అని. పార్వతీశం విషయంలో అయితే నవ్వుకన్నా ఆ ఆందోళనే ముందు నడిచింది. ఈ పిల్లవాడు క్షేమంగా ఒడ్డు చేరాలి. అతనికి దెబ్బ తగలదని రచయిత ఇచ్చిన భరోసా మీదే మనం నవ్వగలుగుతున్నాం. హిగాషినో ఆ భరోసా ఇవ్వడు. రెంటికీ తేడా అంతే.

ఇక్కడే నాకు ‘తులసిదళం’ దగ్గర నిలబడిపోవాల్సి వచ్చింది. ఒక పసిపాప మీద క్షుద్రప్రయోగం, ఆ పాపని కాపాడుకోవాలని తల్లిదండ్రుల యాతన, ఒక పక్క మంత్రం, ఇంకో పక్క వైద్యం. పాఠకుడికి ఎవరి మీద మమకారం పుడుతుందో యండమూరికి బాగా తెలుసు, ఆ మమకారాన్ని పేజీ పేజీకీ బిగిస్తూ పోయారు. నడకలో ఆ నవలకి సాటి రాగలవి తెలుగులో తక్కువ. ఇప్పుడు చదివినా మధ్యలో ఆపలేకపోయాను. కానీ ఇందులో భయం పుస్తకం మూశాక పుస్తకంలోనే ఉండిపోయే రకం కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పల్లెల నుంచి ఈనాటికీ వస్తున్నాయి. అలాంటి చోట కాష్మోరా అనే ఆ క్షుద్రప్రయోగాన్ని శాస్త్రంతో సమానంగా కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాలేదు. రంగనాయకమ్మగారు ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆవిడ కోపం కొన్నిచోట్ల నాకు ఎక్కువనిపించినా, ఒక పాపులర్ నవలని కాలక్షేపమే కదా అని వదిలెయ్యకుండా, అది మనుషుల బుర్రల్లో ఏం చేస్తుందో అక్షరం అక్షరం పట్టి అడగడం గొప్ప గౌరవమనుకుంటాను, ఆ నవలకీ, దాన్ని చదివిన లక్షలమందికీ కూడా. మామూలు సమీక్షల్లో ఇంత పట్టింపు చూడం. కథ చెప్పకూడదన్న నియమం చాటున, చదవచ్చు, బోర్ కొట్టదు అని రెండు మాటలతో సరిపెట్టేస్తాం. ముగింపు దాచిపెడుతూనే ఈ నవల నాలో ఎవరి మీద అక్కర పుట్టించింది, ఎవరి మీద భయం పుట్టించింది అన్నది చెప్పడానికి అడ్డేమీ లేదు.

మా చెల్లెలి కూతురు ఇప్పుడు ‘తులసిదళం’ అడుగుతోంది. పాప బతుకుతుందా అని మామూలుగానే ముందు అడిగింది. ఈసారి చెప్పలేదు. వచ్చే వారం ఆ నవలనీ, రంగనాయకమ్మగారి పుస్తకాన్నీ కలిపి పంపుతున్నాను. ఏది ముందు చదువుతుందో ఆ పిల్ల ఇష్టం. చదివాక మేమిద్దరం ఫోన్‌లో గట్టిగానే వాదించుకుంటామని నాకు తెలుసు.