విడిచిపెట్టుటయు ఎదుగుదలయే

తల్లి గర్భములో మనిషి రూపొందు విధమును తలంచి 139వ కీర్తనకారుడు దేవుని స్తుతించెను. ఆ మరుగైన పనిలో ఒక చిన్న సంగతిని మనము ధ్యానింతము.

పిండపు తొలి దినములలోని మూలకణములు శరీరములోని ఏ భాగముగానైనను మారగలవు. కణములోని డి.ఎన్.ఏ. మూలగ్రంథము వంటిది, ఆర్.ఎన్.ఏ. అందునుండి పనికొరకు వ్రాసికొనిన ఉత్తరువు వంటిది. ఈ ఉత్తరువులపై మిథైల్ అను చిన్న రసాయనపు గుర్తు ఉండునని 1974లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ గుర్తు పడిన ఉత్తరువులనేకము త్వరగా చెరిగిపోవును. 2015లో ఇశ్రాయేలు దేశపు వైజ్‌మన్ సంస్థ శాస్త్రజ్ఞులు చుంచెలుకల పిండములలో ఆ గుర్తు వేయు ఎంజైము లేకుండ చేసి చూచిరి. పాత ఉత్తరువులు చెరుగలేదు. కణములు తొలి దశలోనే చిక్కుకొని ముందుకు సాగలేకపోయెను. పిండములు గర్భములోనే నశించెను.

అట్లయిన పాతదంతయు విడువవలెనా? కాదు. ఉత్తరువు చెరిగినను మూలగ్రంథము చెరుగదు. మనమైతే తరచుగా దీనిని తారుమారు చేయుచున్నాము. దేవుని వాక్యమును మరచెదము గాని తాతలనాటి గట్టు తగాదాను మరువము. ప్రభువు బల్లయొద్ద ఎవరు ముందు, ఎవరు వెనుక అను పట్టుదలను మన పిల్లలకుకూడ అప్పగించెదము. అందుచేత సంఘము పుట్టిన దశలోనే నిలిచిపోవుచున్నది.

గడచినదానిని విడిచి గురివైపు సాగుటను గూర్చి పౌలు ఫిలిప్పీయులకు వ్రాసెను. ఈ నెల బల్లకు రాకమునుపు, కాలము తీరిన యే ఉత్తరువు మనలో ఇంకను చెరుగక యున్నదో పరీక్షించుకొందము. ఆ పొరుగువాని యింటికి మనమే ముందుగా వెళ్లుదము.