ఒక బస్తా తక్కువ

2025 నవంబర్ 3, సోమవారం పొద్దున. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఎదురుగా వచ్చి గుద్దింది. గుద్దడంతోనే ఆగిపోయి ఉంటే ఎంతమంది బతికేవారో చెప్పలేం. టిప్పర్‌లో ఉన్న కంకర బస్సులోకి పొర్లింది. సీట్లలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కూరుకుపోయారు. 19 మంది పోయారు. సెలవుకు ఇంటికెళ్ళి కాలేజీలకు తిరిగొస్తున్న పిల్లలు కూడా అందులో ఉన్నారు. జేసీబీలతో కంకర తోడి మనుషుల్ని బయటికి తీస్తున్న వీడియో మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చింది.

ఆ వారమంతా తప్పెవరిదన్న చర్చే. స్పీడన్నారు, గుంతన్నారు, రోడ్డు వెడల్పు చేయకపోవడం అన్నారు. ఆ రోడ్డు పక్క మర్రిచెట్ల కోసం గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్ళినవాళ్ళను తిట్టినవాళ్ళూ ఉన్నారు. చెట్టు ఎదురుచెప్పదు కదా. రెండు బండ్ల డ్రైవర్లూ చనిపోయారు, వాళ్ళూ ఎదురుచెప్పరు. లోడు గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. టార్పాలిన్ కట్టి ఉంటే ఆగేదని నేననడం లేదు, అన్ని టన్నుల కంకర ముందు టార్పాలిన్ ఒట్టి బట్ట. కానీ మనుషుల్ని ముంచింది ఆ లోడే. బండి ఆగినా తను ఆగని బరువొకటి ప్రతి లారీ మీదా ఉంటుందని మనకు ఇలాంటప్పుడే గుర్తొస్తుంది.

నేను అన్నీ చదివాను గానీ ఎవరితోనూ వాదించలేదు. వాదించడానికి అడ్డుపడే పాత లెక్క ఒకటి నాకుంది.

మాది బల్మూర్. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా, అప్పుడు మహబూబ్‌నగర్. 2011 ఫిబ్రవరిలో నేను ఇంటర్ రెండో సంవత్సరం. యాసంగి పల్లికాయ ఎండబెట్టి సంచులకెత్తారు. అచ్చంపేట యార్డుకు కొట్టడానికి నాన్న ఒక డీసీఎం కిరాయికి మాట్లాడాడు. మావీ పెద్దనాన్నవాళ్ళవీ కలిపితే రెండు ట్రిప్పుల సరుకు. ఒక్క ట్రిప్పులో పోవాలని నాన్న, "ఏం గాదు, ఎక్కియ్యున్రి" అని డ్రైవర్. ఇద్దరు హమాలీలు ఎత్తుతూ పోయారు. బండి అంచులు దాటి పైకి ఇంకో మూడు వరసలు లేచాయి. ఆ రోజు క్లీనర్ రాలేదు. మోకు నా చేతికిచ్చారు.

మోకు కట్టడం అంతకుముందు చూశాను, కట్టలేదు. ఒక పక్క కొక్కేనికి ముడేసి, మోకును లోడు మీదుగా అవతలికి విసిరేసి, అక్కడ మెలి తిప్పి ఒక ఉచ్చు చేసి, చివరను కింది కొక్కెం చుట్టూ తిప్పి మళ్ళీ ఆ ఉచ్చులోంచి లాగాలి. ఒక కాలు బండికి తన్నిపట్టి ఒళ్ళంతా వెనక్కి వేలాడాలి. అప్పుడు మోకు బస్తాల్లోకి గాడి పడేలా దిగుతుంది. కట్టు పడిందా లేదా అన్నది ఆ గాడిని చూస్తే తెలుస్తుంది. నేను ముందొకటి, మధ్యలో ఒకటి వేశాను. వెనక వరస మీద వేయలేదు. అరచేతులు మండుతున్నాయి, అంతే. ఇన్నేళ్ళలో ఇంతకంటే గొప్ప కారణం నాకు దొరకలేదు.

హమాలీల్లో పెద్దాయన కింద నిలబడి చూస్తున్నాడు. "ఎనకకు ఇంకొక సుట్టు ఎయ్యి బిడ్డా" అన్నాడు.

"ఏసిన కాకా" అన్నాను.

ఆయన ఒకసారి వెనక వరసను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. తువ్వాల దులుపుకుని వెళ్ళిపోయాడు.

లోడు మీద నేనే కూర్చున్నాను. ఊరు దాటి కొంత దూరం పోయాక ఒక గుంత వచ్చింది. బండి దిగి లేచింది. వెనక ఎడమ మూలనున్న బస్తా కదిలింది, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగింది, తర్వాత జారింది. వెనక ఒక టీవీఎస్ బండి మీద ఒకాయన, ఆయన వెనక ఒకామె. బస్తాను తప్పించబోయి ఆయన బండిని రోడ్డు దింపేశాడు. ఇద్దరూ పడ్డారు. ఆయన లేచి మావైపు చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు. ఆమె లేవడం నేను చూడలేదు. మలుపు వచ్చింది, తుమ్మచెట్లు అడ్డం వచ్చాయి.

క్యాబిన్ మీద అరచేత్తో రెండుసార్లు కొడితే డ్రైవర్ ఆపుతాడు. చెయ్యి ఎత్తాను కూడా. కొట్టలేదు.

వారం రోజులు టీకొట్టు దగ్గర పేపర్ జిల్లా ఎడిషన్ తిరగేశాను. బల్మూర్, అచ్చంపేట, కొండనాగుల అన్న పేర్ల కోసం వెతికాను. ఏమీ లేదు. ఏమీ కాలేదని తీర్మానించుకున్నాను. మార్చిలో పరీక్షలు రాశాను, మంచి మార్కులే వచ్చాయి.

"అంత బరువు యాడికి పోతది?" అన్నది మా దిక్కు అందరి నోటా వినే మాట. బరువే బరువును పట్టుకుంటుందని నమ్మకం. ఇంజినీరింగ్ చదివాక గానీ ఇందులో తప్పెక్కడుందో నాకు అర్థం కాలేదు. బస్తాను నిలబెట్టేది కింది బస్తాతో దానికున్న రాపిడి. ఆ రాపిడి ఎంతన్నది ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నొక్కుతున్నాయన్న దాని మీద ఉంటుంది. బండి గుంతలో దిగేటప్పుడు పై బస్తా నొక్కడం అరక్షణం ఆపేస్తుంది. ఆ అరక్షణం దానికి బరువు లేనట్టే, రాపిడీ లేనట్టే. మోకు చేసే పనల్లా ఆ అరక్షణంలో కూడా నొక్కుతూ ఉండటం. ఐరోపా దేశాల్లో లారీ లోడు కట్టడానికి పాటించే ప్రమాణం ప్రకారం, కట్టు ముందువైపుకు సరుకు బరువులో 80 శాతం బలాన్ని, పక్కలకూ వెనక్కూ 50 శాతం బలాన్ని ఆపగలగాలి. అంటే పది టన్నుల సరుకు బ్రేకు పడగానే ఎనిమిది టన్నుల బలంతో ముందుకు తోసుకొస్తుందనుకుని కట్టాలి. మా డీసీఎం మీద అలాంటి లెక్క ఉన్నది ఆ పెద్దాయన చూపులోనే. ఆయన దాన్ని అంకెల్లో చెప్పలేడు, అంతే తేడా.

లారీ డ్రైవర్లంటే తత్వవేత్తలకు ఎందుకో ఇష్టం. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అదృష్టానికీ నీతికీ ఉన్న సంబంధం మీద ఒకే వేదికలో చర్చించినప్పుడు ఇద్దరూ లారీ డ్రైవర్‌నే ఉదాహరణగా తెచ్చారు. విలియమ్స్ చెప్పే డ్రైవర్ తప్పేమీ చేయలేదు. అయినా ఒక పిల్లవాడు అతని బండి కింద పడ్డాడు. పక్కనున్నవాళ్ళందరూ బాధపడతారు గానీ డ్రైవర్ బాధ వేరు. నీ తప్పు లేదయ్యా అని మనమే ఓదారుస్తాం. అతను వెంటనే సరేనని సర్దుకుంటే మాత్రం మనకే అదోలా ఉంటుంది. నేగెల్ ఇంకొంచెం ముందుకెళ్ళి ఇద్దరు డ్రైవర్లను తీసుకుంటాడు. ఇద్దరూ బ్రేకులు చూపించుకోలేదు. ఒకరికి దారిలో ఎవరూ అడ్డం రాలేదు, ఇంకొకరికి ఒక పాప అడ్డం వచ్చింది. నిర్లక్ష్యం అంతే, కానీ ఒకరు ఇంటికెళ్ళి అన్నం తిన్నారు, ఒకరు జైలుకెళ్ళారు. అడ్డం రావడం, రాకపోవడం వాళ్ళ చేతిలో లేదు కదా, మరి తప్పులో ఇంత తేడా ఎక్కడిదని నేగెల్ ప్రశ్న.

చట్టం ఈ తేడాను మొహమాటం లేకుండా ఒప్పుకుంటుంది. సరుకు బండి బాడీ దాటి పక్కలకో వెనక్కో పొడుచుకొచ్చినా, అనుమతించిన ఎత్తు దాటినా 20 వేల రూపాయల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. (2014 దాకా ఇనుప కడ్డీలు బండి వెనక మీటరు దాకా పొడుచుకుని ఉండొచ్చని నిబంధనే ఉండేది. రాత్రిపూట బైకు మీద వెళ్ళేవాళ్ళకు ఆ మీటరు అంటే ఏమిటో తెలుసు.) అదే బస్తా ఎవరి ప్రాణమైనా తీస్తే కొత్త న్యాయసంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా శిక్ష. మోకు వేయకపోవడం రెండుచోట్లా ఒకటే.

నేను చాలాకాలం నన్ను నేగెల్ మొదటి డ్రైవర్‌గా లెక్కేసుకుంటూ వచ్చాను. అదృష్టం బాగుంది, అడ్డం ఎవరూ రాలేదు. కానీ ఇందులో ఒక మోసం ఉంది. ఆ డ్రైవర్‌కు నిజంగానే ఎవరూ అడ్డం రాలేదు. నాకు వచ్చారు. నేను తల తిప్పుకున్నాను. అదృష్టం అన్న మాటకే అసలు అర్థం కనిపించనిది అని. మన పాత తార్కికులు ఆ మాటను లాటరీ తగలడానికి వాడలేదు. చేసిన పని అయిపోయాక కూడా కంటికి కనిపించకుండా మిగిలి, ఎక్కడో ఎప్పుడో ఫలితమిచ్చే దానికి వాడారు. పునర్జన్మల సంగతి నాకు తెలియదు. కానీ లోడు మీద కూర్చున్నవాడికి మలుపు అవతల జరిగేది అచ్చంగా ఈ అర్థంలోనే అదృష్టం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా హైదరాబాద్‌లో కూర్చుని చెప్పే నీతి అవుతుంది. కిరాయి ట్రిప్పుకు ఇస్తారు. హమాలీకి బస్తాకు ఇస్తారు. మోకుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. రెండో ట్రిప్పు కొడితే ఆ కిరాయి నాన్న జేబులోంచి పోవాలి, ఆ ఏడాది మా దగ్గర నిజంగానే డబ్బుల్లేవు. ఇవన్నీ నిజాలే. మూడో వరస ఎందుకు లేచిందో వీటితో అర్థమవుతుంది. వెనక మోకు ఎందుకు పడలేదో అర్థం కాదు, ఎందుకంటే దానికి ఇంకో ఐదు నిమిషాలు తప్ప ఏ ఖర్చూ లేదు. పేదరికం ఎక్కడిదాకా కారణమో, ఎక్కడినుంచి సాకో గీత గీయడం కష్టమంటారు. ఆ రోజు మట్టుకు గీత రెండో మోకుకూ మూడో మోకుకూ మధ్యే ఉంది.

లోడు మీద ఎక్కి కూర్చునేవాళ్ళు ఎవరన్నది ఇంకో ప్రశ్న. 2015 సెప్టెంబర్ 14న తూర్పుగోదావరి జిల్లా గండేపల్లి దగ్గర బూడిద లోడు లారీ బోల్తా పడి, ఆ బూడిద మీద కూర్చుని వెళ్తున్న కూలీల్లో 16 మంది చనిపోయారు. పాలమూరు లేబర్ అని పేరుపడ్డ మా జిల్లా జనం కూడా గిన్నెలూ పిల్లలతో సహా అలాగే ఊళ్ళు దాటి పోయినవాళ్ళే. లోడు ఎలా కదులుతుందో ఒంటికి తెలిసినవాళ్ళు వీళ్ళు. బండి ఆపమనే అధికారం మాత్రం వీళ్ళకు ఉండదు. ఆ పెద్దాయన నా అబద్ధాన్ని కళ్ళతో చూశాడు. కిరాయి మాట్లాడిన ఆసామి కొడుకును ఆయన ఎన్నిసార్లు అనగలడు, ఒకసారి అన్నాడు.

ఈ సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు రాత్రి అన్నాలయ్యాక నాన్నకు చెప్పాను. చేవెళ్లతో మొదలుపెట్టి, తిప్పి తిప్పి, చివరికి బస్తా పడిందని చెప్పాను. టీవీఎస్ మీదివాళ్ళ సంగతీ చెప్పాను. తిడతాడనుకున్నాను, లేకపోతే చిన్నప్పటి ముచ్చట కదా అని నవ్వేస్తాడనుకున్నాను. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"యార్డుల లెక్కవెడితె ఒకటి తక్కువొచ్చింది" అన్నాడు. "ఎత్తేకాడ్నే మాయం జేసిన్రనుకున్న. ఆ పెద్దాయన కూలిల పట్టుకున్న. మల్ల ఎన్నడు పిల్వలే."

"ఆయన ఏమనలేదా?"

"అన్నడు. ఎనకకు మోకు పడలే పటేలా, పిలగాన్ని ఒక్కసారి అడుగు అన్నడు." కాసేపు ఆగి, "నా కొడుకును నేనెందుకడుగుత?" అన్నాడు.

ఒక బస్తా పల్లికాయ అంటే ఆయనకు ఎన్ని రోజుల కూలో నాన్నా నేనూ లెక్క వేయలేదు. కూలి పోవడం ఒకటి. మా ఇంటికి పిలవకపోతే మిగతా ఇళ్ళవాళ్ళు ఎందుకని అడిగి ఉంటారు, నాన్న చెప్పి ఉంటాడు. ఊళ్ళో దొంగ అన్న మాట ఎంతదూరం నడుస్తుందో నాకు తెలుసు. పదిహేనేళ్ళు నేను ఏమీ కాలేదనుకున్న చోట ఇది నడుస్తూ ఉంది. పేపర్లో దీనికోసం నేను వెతకలేదు, వెతికినా ఉండేది కాదు.

ఆ పెద్దాయన ఇప్పుడు ఊళ్ళో లేడు, కొడుకు దగ్గర ఉంటున్నాడట. తెల్లారి నాన్నే ఎవరినో అడిగి ఆ కొడుకు నంబర్ తెచ్చి ఒక చీటీ మీద రాసిచ్చాడు. తనెందుకు చేయలేదని నేను అడగలేదు. బస్సెక్కేముందు ఫోన్లో ఎక్కించుకున్నాను. పేరు తెలియక 'కాకా' అని పెట్టుకున్నాను. టీవీఎస్ మీదామెకు అలాంటి నంబర్ కూడా లేదు. నెల దాటింది. రెండుసార్లు నొక్కి, రింగు పోకముందే కట్ చేశాను.